బొగ్గుపులుసు వాయువు – వాగ్దానములు, లెక్కలు

వాతావరణములోనికి విడుచు బొగ్గుపులుసు వాయువును తగ్గింతుమని దేశములు మాట ఇచ్చుచున్నవి. ఆ మాట ఎంతవరకు నెరవేరినదో తేల్చుట ఎట్లు? దీనికి జవాబు చెప్పవలెనన్న, ఏ సంవత్సరముతో పోల్చుచున్నారో, దేనిని కొలుచుచున్నారో, ఎట్లు లెక్క కట్టుచున్నారో ముందుగా తెలియవలెను.

మొదట లెక్క సంగతి చూతము. ప్రతి పొగగొట్టము వద్దను కొలమానము పెట్టుట సాధ్యము కాదు. కాబట్టి దేశములో కాలిన బొగ్గు, చమురు, సహజవాయువు ఎంతయో తెలిసికొని, వానిలోని కర్బనమును గణింతురు. కర్బనపు పరమాణుభారము 12. బొగ్గుపులుసు వాయువు అణుభారము 44. అనగా ఒక టన్ను కర్బనము పూర్తిగా కాలినచో సుమారు 3.67 టన్నుల వాయువు వెలువడును. మన బొగ్గులో బూడిద ఎక్కువ. అందుచేత పరదేశపు అంకెలను మనకు యథాతథముగా వాడరాదు. పశువులు, వరిపొలములు విడుచు మీథేను మొదలగువానిని కూడ బొగ్గుపులుసు వాయువుకు సమానముగా మార్చి కలుపుదురు. ఈ విధముగా మన దేశము 2004లో సమర్పించిన మొదటి నివేదిక ప్రకారము 1994 నాటి ఉద్గారము 120 కోట్ల టన్నులకు పైచిలుకు.

ఇక కొలబద్ద సంగతి. 1997లో క్యోటో నగరమున కుదిరిన ఒప్పందములో, పారిశ్రామిక దేశములు తమ ఉద్గారమును 2008–2012 నాటికి 1990 కంటె మొత్తము మీద కనీసము 5 శాతము తగ్గింపవలెనని నిర్ణయించిరి. అక్కడ కొలబద్ద టన్నులు. వర్ధమాన దేశమగుటచే భారతదేశమునకు అట్టి నిర్బంధము లేకుండెను. గాలిలో పేరుకొన్న వాయువులో అధికభాగము సంపన్న దేశములదే. మన తలసరి ఉద్గారము స్వల్పము.

2009లో భారతదేశము వేరొక కొలబద్దను ఎన్నుకొన్నది. అది ఉద్గార తీవ్రత, అనగా స్థూల దేశీయోత్పత్తిలో రూపాయి ఒక్కింటికి వెలువడు వాయువు. దీనిని 2005తో పోల్చి, 2020 నాటికి 20–25 శాతము తగ్గింతుమని ప్రకటించినది. 2015లో ప్యారిస్ ఒప్పందమునకు ముందు, 2030 నాటికి 33–35 శాతమనియు, 2022లో 45 శాతమనియు లక్ష్యమును పెంచినది. 2024 చివర సమర్పించిన నివేదిక ప్రకారము 2005, 2020ల నడుమ తీవ్రత 36 శాతము తగ్గినది. 2015 నాటి లక్ష్యము పది సంవత్సరములు ముందే నెరవేరినదన్న మాట.

ఇది ఘనతయే. కాని విద్యార్థులు ఒక చిన్న లెక్క వేసి చూడవలెను. ఉత్పత్తి 100, ఉద్గారము 100 అనుకొందము. ఉత్పత్తి 200 అయి, తీవ్రత 36 శాతము తగ్గినచో ఉద్గారము ఎంత? 200ను 0.64తో గుణింపగా 128. తీవ్రత తగ్గినది నిజము; గాలిలోనికి పోయినది పెరిగినదియు నిజము. అదే నివేదికలో 2020 నాటి ఉద్గారము, అడవులు పీల్చుకొన్నది తీసివేయకముందు, సుమారు 296 కోట్ల టన్నులు. అదియు మహమ్మారి వలన పరిశ్రమలు మూతపడి, 2019 కంటె దాదాపు 8 శాతము తగ్గిన సంవత్సరము.

విద్యుత్తు విషయమును ఇట్టిదే. స్థాపిత సామర్థ్యములో సగము బొగ్గు, చమురు, సహజవాయువు కాల్చని మార్గముల నుండి రావలెనన్న 2030 నాటి లక్ష్యము 2025లోనే నెరవేరినది. అయితే సౌరఫలకము రాత్రివేళ పనిచేయదు. సామర్థ్యము వేరు, ఉత్పత్తి వేరు. 2024లో దేశమున పుట్టిన విద్యుత్తులో దాదాపు నాలుగింట మూడు వంతులు బొగ్గు నుండియే వచ్చినది.

2021లో గ్లాస్గోలో భారతదేశము 2070 నాటికి నికర ఉద్గారము శూన్యము కావలెనని ప్రకటించినది. ఆ లక్ష్యమును నిష్పత్తులతో కొలువలేము, టన్నులనే లెక్కింపవలెను. కనుక పత్రికలో ఒక శాతము కనుపించినప్పుడు, ఉపాధ్యాయులు దానిని నల్లబల్ల మీద వ్రాసి, "దేనిలో ఇంత శాతము? ఏ సంవత్సరముతో పోల్చి?" అని విద్యార్థులను అడుగుట మంచిది. సాధించినదానిని సాధించినట్లుగను, మిగిలినదానిని మిగిలినట్లుగను చూడగలుగుటకు ఆ రెండు ప్రశ్నలు తోడ్పడును.