వృద్ధాప్యంలో బోలు ఎముకల మందులు: ఎంపిక, మార్పిడి

బోలు ఎముకల వ్యాధి (ఆస్టియోపోరోసిస్) ముదిరితే ఎముక లోపలి అల్లిక పలచబడి, నిలుచున్న చోటు నుంచి జారిపడ్డా విరుగుతుంది. ముట్లుడిగిన స్త్రీలలో ఎక్కువగా కనిపించినా, డెబ్భై దాటిన మగవారికీ మినహాయింపు లేదు. దీనికి ఇప్పుడు మంచి మందులు చాలానే ఉన్నాయి. చిక్కంతా వాటి వరసలోనే ఉంది. బీపీ మాత్ర మార్చినంత తేలిగ్గా వీటిని మార్చడానికి వీల్లేదు. ఏది ముందు, ఏది తరవాత, మధ్యలో ఎన్ని నెలలు అన్నదాన్ని బట్టి ఎముక గట్టిపడడమో, ఉన్నది కూడా పోవడమో జరుగుతుంది.

మందు ఎవరికి

ప్రపంచ ఆరోగ్య సంస్థ 1994లో పెట్టిన కొలత ప్రకారం, ఎముక సాంద్రతను కొలిచే డెక్సా స్కాన్‌లో టీ-స్కోరు మైనస్ 2.5 గానీ అంతకన్నా తక్కువ గానీ ఉంటే బోలు ఎముకల వ్యాధి. అయితే తుంటి ఎముకో వెన్నుపూసో చిన్న దెబ్బకు విరిగిందంటే స్కోరు ఎంతైనా వైద్యం అవసరమే. పెద్ద వయసులో నడుము దగ్గర తీసిన స్కోరును పూర్తిగా నమ్మకూడదు. వెన్నుపూసల అరుగుదల వల్ల పెరిగిన ఎముక ముళ్ళు, గట్టిపడిన రక్తనాళాలు యంత్రానికి మంచి ఎముకలాగే కనిపిస్తాయి. అందుకే తుంటి స్కోరును కూడా చూస్తారు. వెన్నుపూస నలిగినా చాలామందికి తెలియదు, వయసు మీదపడి వచ్చిన నడుమునొప్పి అనుకుని ఊరుకుంటారు. పొడవు తగ్గినా, వీపు వంగినా వెన్నుకు ఎక్స్‌రే తీయించడం మేలు.

ఫ్లోరైడ్ నీళ్ళ ప్రాంతాలలో ఈ స్కాన్ మరో రకంగా తప్పుదారి పట్టిస్తుంది. మన దేశంలో ఫ్లోరోసిస్‌ను 1937లో మొదట గుర్తించింది అప్పటి నెల్లూరు జిల్లాలో. నల్లగొండ సంగతి చెప్పనక్కర్లేదు. అస్థి ఫ్లోరోసిస్ ఉన్నవారి ఎముక సాంద్రత స్కాన్‌లో ఎక్కువగా చూపిస్తుంది, కానీ ఆ ఎముక పెళుసు. ఒకప్పుడు సోడియం ఫ్లోరైడ్‌నే ఈ జబ్బుకు మందుగా పరీక్షించారు. 1990లో వెలువడిన అమెరికా పరిశోధనలో అది వాడిన స్త్రీల వెన్ను సాంద్రత నాలుగేళ్ళలో బాగా పెరిగింది. అయినా వెన్నుపూసలు విరగడం చెప్పుకోదగ్గంతగా తగ్గలేదు, మిగతా ఎముకలు విరగడం పెరిగింది. అప్పటి నుంచి ఈ జబ్బు మందులను సాంద్రతతో కాక, విరగకుండా ఎంతమందిని కాపాడాయన్న లెక్కతో కొలుస్తున్నారు.

రెండు దారులు

మన ఎముకను కొన్ని కణాలు కరిగిస్తూ ఉంటే మరికొన్ని కట్టుకుంటూ వస్తాయి. మందులలో ఎక్కువ భాగం కరిగించే పనికి అడ్డుపడేవి: అలెండ్రోనేట్, రిసెడ్రోనేట్, జోలెడ్రోనిక్ యాసిడ్ వంటి బిస్ఫాస్ఫోనేట్లు, డెనోసుమాబ్, రాలోక్సిఫీన్. కొత్త ఎముకను కట్టించేవి టెరిపారటైడ్, అబాలోపారటైడ్. రోమోసోజుమాబ్ రెండు పనులూ చేస్తుంది.

చాలామందికి మొదటి మందు వారానికోసారి వేసుకునే 70 మి.గ్రా. అలెండ్రోనేట్ మాత్రే. చవక, పాతది, నమ్మదగినది. వేసుకునే పద్ధతి మాత్రం ఓపిక అడుగుతుంది. పొద్దున లేవగానే పరగడుపున, గ్లాసుడు మంచినీళ్ళతో మింగి, అరగంట సేపు కూర్చునో నిలుచునో ఉండాలి. ఆ అరగంటా కాఫీ, పాలు, ఇతర మాత్రలు ఏవీ కూడదు. కాఫీ తాగి మాత్ర వేసుకుంటే వేసుకోనట్టే లెక్క. మింగి మళ్ళీ పడుకుంటే అన్నవాహిక పుండు పడవచ్చు. మింగడం కష్టమైనవారికి, మతిమరుపు ఉన్నవారికి, రోజుకు పది మాత్రలు మింగేవారికి ఏడాదికోసారి సెలైన్‌లో ఎక్కించే 5 మి.గ్రా. జోలెడ్రోనిక్ యాసిడ్ మెరుగు. మొదటిసారి ఎక్కించాక రెండు మూడు రోజులు జ్వరం, ఒళ్ళునొప్పులు రావచ్చు, భయపడాల్సింది కాదు. మూత్రపిండాల వడపోత, అంటే ఈజీఎఫ్ఆర్, 35 కన్నా తక్కువైతే ఈ రెండూ వాడరు.

అందరికీ మాత్రతోనే మొదలుపెట్టాలన్న పాత అలవాటును ఈమధ్య పరిశోధనలు ప్రశ్నించాయి. వెన్నుపూసలు అప్పటికే విరిగిన స్త్రీలలో టెరిపారటైడ్‌ను రిసెడ్రోనేట్‌తో పోల్చిన వెరో పరిశోధనలో, రెండేళ్ళలో కొత్తగా వెన్నుపూస విరిగినవారు టెరిపారటైడ్ వర్గంలో 5.4 శాతం, రెండోదానిలో 12 శాతం. 2017 నాటి ఆర్చ్ పరిశోధనలో ఏడాది రోమోసోజుమాబ్ ఇచ్చి తరవాత అలెండ్రోనేట్‌కు మార్చినవారికి, మొదటినుంచీ అలెండ్రోనేట్ వాడినవారికన్నా వెన్నుపూసలు విరిగే ప్రమాదం 48 శాతం తక్కువ. అయితే గుండె, మెదడుకు సంబంధించిన తీవ్ర సమస్యలు రోమోసోజుమాబ్ వర్గంలో కాస్త ఎక్కువ కనిపించాయి. అందుకే గడచిన ఏడాదిలో గుండెపోటో పక్షవాతమో వచ్చినవారికి అది ఇవ్వరు. ప్రమాదం బాగా ఎక్కువున్నవారికి కట్టే మందు ముందు, కట్టింది కరగకుండా నిలబెట్టే మందు తరవాత అన్న పద్ధతి ఇలా బలపడింది. ఖర్చు, రోజూ ఇంజెక్షన్ పొడుచుకోవాల్సి రావడం అడ్డం రాకపోతే అదే సరైన వరస.

మార్చేటప్పుడు

బిస్ఫాస్ఫోనేట్లు ఎముకలోనే చేరి ఏళ్ళ తరబడి ఉంటాయి. ఆపేసినా కొంత రక్షణ మిగులుతుంది. ఐదేళ్ళ మాత్రల తరవాత, లేదా మూడేళ్ళ జోలెడ్రోనిక్ యాసిడ్ తరవాత, ప్రమాదం తక్కువగా ఉన్నవారికి విరామం ఇవ్వగలగడం అందువల్లే. ఐదేళ్ళకు ఆపినవారిని, పదేళ్ళు కొనసాగించినవారిని పోల్చిన ఫ్లెక్స్ పరిశోధన 2006లో వచ్చింది. లక్షణాలతో బయటపడే వెన్నుపూస విరుగుళ్ళు ఆపినవారిలో ఎక్కువ, మిగతా ఎముకల విషయంలో తేడా లేదు. విరామానికి ఇంకో కారణం, ఏళ్ళ తరబడి వాడినవారిలో అరుదుగా తొడ ఎముక అడ్డంగా విరగడం. విరగడానికి ముందు వారాలో నెలలో తొడలోనో గజ్జలోనో నొప్పి ఉండవచ్చు. దాన్ని కీళ్ళనొప్పుల కింద కొట్టిపారేయకూడదు. దవడ ఎముక దెబ్బతినడం ఇంకా అరుదు. పళ్ళు తీయించుకునే పని ఉంటే మందు మొదలుపెట్టకముందే ముగించుకోవడం మంచిది.

డెనోసుమాబ్ స్వభావం బిస్ఫాస్ఫోనేట్లకు పూర్తిగా విరుద్ధం. ఆరు నెలలకోసారి చర్మం కింద ఇచ్చే 60 మి.గ్రా. ఇంజెక్షన్ ఇది. 2009 నాటి ఫ్రీడమ్ పరిశోధనలో వెన్నుపూసల విరుగుళ్ళను 68 శాతం తగ్గించింది. మూత్రపిండాలు బలహీనంగా ఉన్నా ఇవ్వవచ్చు గానీ, డయాలసిస్‌లో ఉన్నవారిలో రక్తంలో కాల్షియం ప్రమాదకరంగా పడిపోవచ్చు. ఈ మందు ఎముకలో నిలవదు. డోసు గడువు దాటగానే అప్పటిదాకా అణగి ఉన్న కరిగించే కణాలు ఒక్కసారిగా విజృంభిస్తాయి. కొన్నేళ్ళుగా కూడబెట్టిన సాంద్రత ఒకటి రెండేళ్ళలో కరిగిపోతుంది, కొందరికి మూడు నాలుగు వెన్నుపూసలు వరసగా నలుగుతాయి. కాబట్టి డెనోసుమాబ్‌కు విరామం లేదు. ఆపాలంటే చివరి ఇంజెక్షన్ తరవాత ఆరు నెలలకు జోలెడ్రోనిక్ యాసిడో, అలెండ్రోనేటో అందుకోవాలి. ఎక్కువ ఏళ్ళు వాడినవారికి ఒక్క సెలైన్ చాలకపోవచ్చు. సీటీఎక్స్ అనే రక్తపరీక్ష చూస్తూ మళ్ళీ ఇవ్వాల్సి రావచ్చు.

అమెరికాలో పిల్లల దగ్గర ఆరు నెలలు ఉండి వచ్చే తల్లిదండ్రులను డెనోసుమాబ్ ఆరు నెలల గడువు సరిగ్గా ఇబ్బంది పెడుతుంది. ఇంజెక్షన్ తేదీ, విమానం తేదీ కలవవు. అక్కడి సందర్శకుల బీమా సాధారణంగా ముందునుంచీ ఉన్న జబ్బులకు వర్తించదు. తిరిగొచ్చాక చూద్దాంలే అనుకుంటే ఏడో నెల దాటుతుంది. టిక్కెట్లు కొనేముందే డాక్టరుకు ఆ తేదీలు చెప్పాలి.

డెనోసుమాబ్ నుంచి టెరిపారటైడ్‌కు మారడం మరో చిక్కు. డేటా-స్విచ్ పరిశోధన (2015) టెరిపారటైడ్ తరవాత డెనోసుమాబ్ ఇచ్చినవారిలో సాంద్రత పెరుగుతూ పోయిందని, వరస తిరగేసినవారిలో తుంటిలో కొంతకాలం తగ్గిందని, మణికట్టులోనూ తగ్గిందని చూపింది. మందులు రెండూ అవే. బిస్ఫాస్ఫోనేట్ నుంచి టెరిపారటైడ్‌కు మారినా తుంటి సాంద్రత మొదటి ఏడాది కాస్త తగ్గవచ్చు. ఆ స్థితిలో రోమోసోజుమాబ్ తుంటికి మెరుగ్గా పనిచేసింది. కట్టే మందుల కోర్సు ముగిశాక నిలబెట్టే మందు ఇవ్వకపోతే కట్టిందంతా పోతుంది. రెండేళ్ళు రోజూ పొట్ట మీదో తొడ మీదో పొడుచుకుని, ఆ తరవాత ఏమీ వాడనివాళ్ళు పెట్టిన ఖర్చులో చాలా భాగం వృథా చేసుకున్నట్టే.

మందు వాడుతుండగా ఒక ఎముక విరిగితే వెంటనే మందు పనిచేయలేదనుకోనక్కర్లేదు. మాత్ర సరిగ్గా వేసుకుంటున్నారా, విటమిన్ డి ఎంత ఉంది, పారాథైరాయిడ్, థైరాయిడ్, మైలోమా వంటివేమైనా ఉన్నాయా, స్టెరాయిడ్లు వాడుతున్నారా అన్నవి ముందు చూడాలి. సరిగ్గా వాడుతున్నా రెండోసారి విరిగితే మార్పు తప్పదు.

తుంటి విరిగాక

తుంటి ఆపరేషన్ అయినవారికి ఎముకల మందు మొదలుపెట్టకుండానే ఇంటికి పంపేయడం ప్రపంచమంతటా ఉన్న లోపం. ఎముక అతికించేది ఒకరు, సాంద్రత చూసేది ఇంకొకరు, మధ్యలో రోగి. ఆపరేషన్ అయిన 90 రోజుల లోపు జోలెడ్రోనిక్ యాసిడ్ మొదలుపెట్టినవారిపై 2007లో వచ్చిన పరిశోధనలో కొత్త విరుగుళ్ళు 35 శాతం, మరణాలు 28 శాతం తగ్గాయి. విటమిన్ డి లోపం ఉంటే ముందు దాన్ని సరిచేసి ఎక్కిస్తారు. ఎనభై దాటినవారికి ఇంకేం మందులన్న మాట ఇళ్ళలో వినిపిస్తుంటుంది గానీ, రెండో తుంటి విరిగే ప్రమాదం ఎక్కువున్నది ఆ వయసులోనే. ఆయుర్దాయం ఏడాదికి మించి లేదనిపించినప్పుడు, మంచం దిగలేనప్పుడు మందు వద్దనుకోవడం సబబే. అప్పటికే డెనోసుమాబ్ మీద ఉంటే మాత్రం, ఆపడానికి ముందు దాని స్థానంలో ఏది ఇవ్వాలో తేల్చుకోవాలి.