నిజాముగారి షికారు అడవి

శ్రీశైలం మల్లన్న దర్శనానికి హైదరాబాదు నుంచి బయల్దేరితే దారిలో మన్ననూరు తగుల్తుంది. అక్కడి చెక్‌పోస్టు దాటితే నల్లమల. బస్సులో కునుకు తీసేవాళ్ళు తీస్తూనే ఉంటారు, పిల్లలకి పులిహోర పొట్లాలు విప్పేవాళ్ళు విప్పుతూనే ఉంటారు. ఆ చెట్ల వెనకాల ఎంత కథ ఉందో మనలో ఎంతమందిమి పట్టించుకున్నాం చెప్పండి?

పాలమూరుకి మహబూబ్‌నగర్ అని పేరు పెట్టింది ఆరో నిజాము మహబూబ్ అలీఖాన్ పేరు మీద. ఆయనకి పులివేట అంటే ప్రాణం. ఆ రోజుల్లో పులిని చంపడం తప్పు కాదు సరికదా, దర్జా. చచ్చిన పులి పక్కన తుపాకీతో ఫోటో దిగడం దొరలకి మహా సరదా. అమ్రాబాదు గుట్టల మీది ఫరహాబాదు నిజాముల షికారు తావు. చిత్రమేమిటంటే, ప్రభువు వేటకని అట్టేపెట్టుకున్న అడవి కాబట్టే అది కొంతైనా మిగిలిందేమో అనిపిస్తుంది నాకు.

1972లో దేశమంతా లెక్కపెడితే తేలినవి 1,827 పులులు. ఆ ఏడే వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది, మరుసటేడు ఏప్రిల్‌లో ప్రాజెక్టు టైగర్ మొదలైంది. మన నల్లమల 1978లో అభయారణ్యమై, 1983లో ఆ పథకంలో చేరింది. రాష్ట్రం విడిపోయాక, 2015లో పాత మహబూబ్‌నగర్, నల్గొండ జిల్లాల భాగం అమ్రాబాదు పులుల అభయారణ్యమైంది. విస్తీర్ణం 2,611 చదరపు కిలోమీటర్లు.

ఇంత అడవి ఎందుకమ్మా అంటారా? మన సరుకుల లెక్కలాగే చూడండి. ఒక పులికి వారానికి సుమారు ఒక దుప్పి చొప్పున ఏడాదికి యాభై కావాలి. మందలో పదోవంతు తింటేనే మంద తరగకుండా ఉంటుంది. అంటే ఒక్క పులి వెనక అయిదువందల జంతువులుండాలి. వాటికి గడ్డి, నీళ్ళు, నీడ ఉండాలి. బియ్యం డబ్బా అడుగంటాక ఇల్లాలు ఎంత నేర్పరైతే మాత్రం ఏం లాభం!

మరి చెంచుల మాటో? మల్లన్నని తమ అల్లుడిగా చెప్పుకునే వాళ్ళు. హైమెన్‌డార్ఫ్ అనే పండితుడు భార్య బెట్టీతో కలిసి 1940లో వాళ్ళ పెంటల్లో తిరిగి, 1943లో పుస్తకం వేశారు. గడ్డలు తవ్వుకుని, తేనె తీసుకుని బతికిన ఆ జనం పులితో కలిసే ఉన్నారు. ఇవాళ అడవి లోపలి నుంచి ఇష్టపడి బయటికొచ్చే కుటుంబానికి పదిహేను లక్షలు ఇస్తారట. ఇష్టపడి అన్న మాట కాగితం మీద బాగానే ఉంటుంది. తవ్వుగోలతో అడవిలో పొట్టపోసుకునే ఆడమనిషికి ఆ డబ్బు ఎన్నాళ్ళు కూడు పెడుతుంది? పులి అడుగుజాడ చూసి చెప్పగలిగేది వాళ్ళే, అటవీశాఖ కాపలాకి పెట్టుకున్నదీ వాళ్ళనే.

2019లో ఇక్కడ యురేనియం కోసం 83 చదరపు కిలోమీటర్లలో అన్వేషణ అన్నప్పుడు చెంచుపెంటల నుంచి పట్నం దాకా జనం కాదన్నారు. ఆ సెప్టెంబరులో శాసనసభ కూడా వద్దని తీర్మానించింది.

ఈసారి శ్రీశైలం వెళ్తే గుర్తుంచుకోండి, రాత్రి తొమ్మిదికి ఆ గేటు వేసేస్తారు, తెల్లవారి ఆరుకి గానీ తియ్యరు. విసుక్కోకండి. రోడ్డు దాటేవాళ్ళు వేరే ఉన్నారు. కోతులకి అరటిపళ్ళు విసరకండి, అవి రోడ్డు మీదికొచ్చి బళ్ళ కింద పడతాయి. 2024 జులై నుంచి అడవిలోకి వాడి పారేసే ప్లాస్టిక్ తీసుకెళ్ళకూడదు. పులిహోర స్టీలు డబ్బాలో పెట్టుకోండి, విస్తరాకులు పట్టుకెళ్ళండి.