జైలుకు ప్రత్యామ్నాయంగా సమాజ ఆశ్రయం: మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతం

చిన్న నేరాల్లో నిందితులైనవారిని, దోషులుగా తేలినవారిని, శిక్ష ముగించుకుని వచ్చినవారిని జైలుగోడల మధ్య కాకుండా ఊళ్లోనే ఉంచి నివాసం, పని, వైద్యం, పర్యవేక్షణ కల్పించే ఏర్పాటును సమాజ ఆశ్రయం అంటారు. భారత చట్టాల్లో దీనికి చోటు ఉంది. బెయిలు, ప్రొబేషన్, సమాజ సేవ శిక్ష, మానసిక రోగులకు పునరావాస గృహాలు, బాలలకు తదుపరి సంరక్షణ అన్నీ ఈ కోవలోవే. అయితే వీటిలో చాలావాటికి మనిషికి ఒక చిరునామా, అతని తరఫున నిలబడే మరో మనిషి కావాలి. ఆ రెండూ లేని పేదవాడు నేర తీవ్రత వల్ల కాకుండా లేమి వల్లే జైల్లో మిగిలిపోతున్నాడు. అందుకే ఆశ్రయానికి నిధులు ఎక్కడి నుంచి వస్తాయన్నది సంక్షేమ ప్రశ్న మాత్రమే కాదు, న్యాయానికి సంబంధించిన ప్రశ్న కూడా.

ప్రాంత నేపథ్యం

మదనపల్లె, పుంగనూరు, కుప్పం మూడూ ఉమ్మడి చిత్తూరు జిల్లాలోని పట్టణాలు. 2022 ఏప్రిల్‌లో జరిగిన పునర్విభజనలో మదనపల్లె అన్నమయ్య జిల్లాలోకి వెళ్లింది. మదనపల్లె టమోటా మార్కెట్టుకు పేరుపడింది. కుప్పం ఆంధ్రప్రదేశ్, కర్ణాటక, తమిళనాడు కలిసే చోట ఉంది. అక్కడి నుంచి రోజూ రైల్లో బెంగళూరు వెళ్లి కూలి చేసుకుని వచ్చేవారు చాలామంది. వానలు తక్కువ, బోర్లు ఎండిపోతుంటాయి కాబట్టి వలస ఇక్కడి బతుకులో భాగం. కోలారు, కృష్ణగిరి వైపు బంధుత్వాలు, పొలాలు ఉన్న కుటుంబాలకు సరిహద్దు అడ్డుగోడలా అనిపించదు. కోర్టు కాగితాల దగ్గరికి వచ్చేసరికి మాత్రం అదే సరిహద్దు పెద్ద అడ్డంకి అవుతుంది.

చిరునామా, జామీను

జాతీయ నేర రికార్డుల బ్యూరో లెక్కల ప్రకారం 2022 చివరినాటికి దేశంలోని జైళ్లలో 5,73,220 మంది ఉన్నారు. వారిలో 4,34,302 మంది, అంటే నూటికి దాదాపు 76 మంది, ఇంకా తీర్పు రాని విచారణ ఖైదీలు.

పని కోసం కోలారు జిల్లా నుంచి మదనపల్లె వచ్చిన ఒక హమాలీ రూ. 12,000 విలువైన ఫోను దొంగతనం కేసులో తొలిసారి పట్టుబడ్డాడనుకుందాం. రిమాండు పడుతుంది. కొన్ని రోజులకు ఇద్దరు జామీనుదారులు, చెరో రూ. 10,000 పూచీకత్తు మీద బెయిలు వస్తుంది. జామీను పెట్టేవారు ఇంటి పన్ను రసీదు, ఆస్తి విలువ పత్రం, ఆధార్ పట్టుకుని కోర్టుకు రావాలి. ఇతని అన్నకు పొలం ఉన్నా అది కర్ణాటకలో ఉంది, పత్రాలు కన్నడంలో ఉన్నాయి. ఊళ్లో తెలిసినవాళ్లంతా ఇతనిలాగే అద్దె గదుల్లో ఉండే కూలీలు. బెయిలు కాగితం చేతికొచ్చినా తలుపు తెరుచుకోదు. డబ్బు తీసుకుని ష్యూరిటీ పెట్టే దళారులు దొరికితే అప్పు చేసి బయటపడతాడు, లేకపోతే లోపలే ఉంటాడు. ఇదే మనిషి రేపు దోషిగా తేలినా, 1958 నాటి ప్రొబేషన్ చట్టం 3వ సెక్షన్ ప్రకారం తొలి దొంగతనానికి మందలించి వదిలేసే అధికారం కోర్టుకు ఉంది. తీర్పు తర్వాత జైలు అక్కర్లేని మనిషి తీర్పుకు ముందే నెలల తరబడి జైల్లో ఉండాల్సి వస్తోంది.

ఈ అన్యాయాన్ని సుప్రీంకోర్టు 1978లోనే మోతీరామ్ కేసులో ఎత్తిచూపింది. ఒక తాపీ మేస్త్రీని రూ. 10,000 జామీను అడిగి, అతని సోదరుడి ఆస్తి వేరే జిల్లాలో ఉందని తోసిపుచ్చిన ఉత్తర్వును జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్ తప్పుపట్టారు. 2023 జనవరి 31న సుప్రీంకోర్టు మరికొన్ని ఆదేశాలిచ్చింది. బెయిలు వచ్చి వారం దాటినా విడుదల కాని ఖైదీ గురించి జైలు అధికారులు జిల్లా న్యాయసేవాధికార సంస్థకు తెలపాలి. ఆ సంస్థ పారాలీగల్ వాలంటీరును పంపి ఖైదీ ఆర్థిక స్థితి తెలుసుకోవాలి. విడుదల ఆలస్యమవడానికి స్థానిక జామీను షరతే ఒక కారణమని, అలాంటి షరతు పెట్టకుండా చూడవచ్చని కూడా కోర్టు సూచించింది. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక సురక్షా సంహిత 479వ సెక్షన్ ప్రకారం, గతంలో ఏ నేరంలోనూ దోషిగా తేలనివారు గరిష్ఠ శిక్షలో మూడో వంతు కాలం విచారణ ఖైదీగా గడిపితే బాండు మీద విడుదల కావాలి. మరణశిక్ష, యావజ్జీవ శిక్ష పడే కేసులకు ఇది వర్తించదు.

ప్రొబేషన్ చట్టం

జైలుకు ప్రత్యామ్నాయాల్లో పాతదీ, తక్కువగా వాడుకుంటున్నదీ ప్రొబేషన్. మరణశిక్ష, యావజ్జీవం పడని నేరాల్లో దోషిని సత్ప్రవర్తన బాండు మీద మూడేళ్లకు మించని గడువుకు వదిలేయడానికి 4వ సెక్షన్ వీలిస్తుంది. 21 ఏళ్లలోపువారిని జైలుకు పంపాలంటే కోర్టు కారణాలు రాయాలని 6వ సెక్షన్ చెబుతుంది. ప్రొబేషన్ ఆఫీసరు ఇంటి పరిస్థితులు విచారించి కోర్టుకు నివేదిక ఇవ్వాలి, మనిషిని కనిపెట్టుకుని ఉండాలి, పని దొరికేలా చూడాలి.

అయితే 4వ సెక్షన్‌లోనే ఒక మెలిక ఉంది. దోషికి గానీ, జామీనుదారుకు గానీ స్థిర నివాసమో, క్రమమైన పనో ఉందని నమ్మకం కుదిరితేనే కోర్టు ఇలా విడుదల చేయాలి. దీన్ని బట్టి ఇల్లు లేనివారికి ఇల్లు చూపడం దయతో చేసే పని కాదనీ, చట్టం ఇచ్చిన వెసులుబాటు వారికి అందాలంటే తప్పనిసరి అనీ అర్థమవుతుంది. ప్రభుత్వం గుర్తించిన సంఘాలు కూడా ప్రొబేషన్ ఆఫీసర్లను సమకూర్చవచ్చని 13వ సెక్షన్ చెబుతోంది. స్థానిక సేవాసంస్థలు ఈ పనిలో పాలుపంచుకోవడానికి అదే దారి.

చరిత్ర: సెటిల్‌మెంట్ల నుంచి ఓపెన్ ఎయిర్ జైళ్ల వరకు

నేరానికి విరుగుడుగా నివాసం చూపడం తెలుగు నేలకు కొత్త కాదు. అయితే ఆ చరిత్ర మొదట్లో నిర్బంధ చరిత్రే. నేరస్థ తెగల చట్టం కింద మద్రాసు ప్రెసిడెన్సీలో ఎరుకల వంటి తెగలవారిని పుట్టుకతోనే నేరస్థులుగా ముద్రవేసి సెటిల్‌మెంట్లలో ఉంచారు. బాపట్ల దగ్గర సాల్వేషన్ ఆర్మీ నడిపిన స్టువర్టుపురం వాటిలో ఒకటి. ఇల్లు, భూమి, పని చూపించారు, కానీ హాజరు పట్టీలు, అనుమతి లేకుండా ఊరు దాటకూడదన్న ఆంక్షలు ఆ ఊరిని జైలుగానే మిగిల్చాయి. 1952లో చట్టం రద్దయినా ముద్ర పోలేదు.

1970ల్లో సంఘ సంస్కర్తలు లవణం, హేమలతా లవణం దంపతులు అప్పటి ముఖ్యమంత్రి జలగం వెంగళరావు ప్రభుత్వ సహకారంతో స్టువర్టుపురంలో సంస్కరణ కార్యక్రమం మొదలుపెట్టారు. పోలీసు నిఘా బదులు పిల్లల చదువు, జీవనోపాధి, కుటుంబాలతో నిత్య సంబంధం వారి మార్గం. నిర్బంధ నివాసానికీ, అండతో కూడిన నివాసానికీ ఉన్న తేడా ఈ ఒక్క ఊరి చరిత్రలోనే కనిపిస్తుంది.

మదనపల్లెకు పొరుగున ఉన్న ఉమ్మడి అనంతపురం జిల్లాలో రెడ్డిపల్లి దగ్గర 1965లో ఖైదీల వ్యవసాయ క్షేత్రం ఏర్పడింది. సత్ప్రవర్తన ఉన్న శిక్షా ఖైదీలు అక్కడ ఎత్తైన గోడలు లేకుండా సేద్యం చేస్తారు. రాజస్థాన్‌లోని సాంగానేర్ ఇంకో అడుగు ముందుకు వేసింది. అక్కడ ఖైదీలు కుటుంబాలతో కలిసి ఉంటూ బయట పని చేసుకుని సొంత సంపాదనతో బతుకుతారు.

ఆరోగ్యవరం అనుభవం

నిర్బంధం లేకుండా ఇంటి దగ్గరే మనిషిని బాగుచేయవచ్చని తేల్చిన వైద్య చరిత్రలో మదనపల్లెకు చోటుంది. పట్టణ శివారులోని ఆరోగ్యవరం క్షయ శానిటోరియం శతాబ్దం కిందటిది. అప్పట్లో రోగిని ఇంటికి దూరంగా నెలల తరబడి ఉంచడమే చికిత్స. ఆ పద్ధతిని పరీక్షిస్తూ 1956లో మద్రాసులో మొదలైన పరిశోధన ఇంటి దగ్గర మందులు తీసుకున్న రోగులను, శానిటోరియంలో ఉన్నవారిని పోల్చింది. పేద ఇళ్లలోని రోగులు కూడా దాదాపు సమానంగా కోలుకున్నారని 1959లో ఫలితాలు చెప్పాయి. మందు క్రమంగా అందించి, ఇంటికి వెళ్లి చూసివచ్చే సిబ్బంది ఉండడం వల్లే అది సాధ్యమైంది. సమాజ ఆశ్రయానికి కూడా ఇదే పాఠం వర్తిస్తుంది: ఇంటికి పంపి చేతులు దులుపుకుంటే ఫలితం రాదు, ఇంటిదాకా అండ వెళ్లాలి.

నిధుల మార్గాలు

జైలు చవక కాదు. 2020 ఇండియా జస్టిస్ రిపోర్టు ప్రకారం ఒక్కో ఖైదీపై సగటు వార్షిక వ్యయంలో ఆంధ్రప్రదేశ్ దేశంలోనే ముందు నిలిచింది. ఆ మొత్తం రూ. 2 లక్షలు దాటింది. ఈ లెక్క ముందుంచుకుని ప్రత్యామ్నాయాలకు ఉన్న నిధులను చూడాలి.

పేద ఖైదీల సహాయ పథకం: కేంద్ర హోం శాఖ 2023లో ప్రారంభించింది. అప్పటి మార్గదర్శకాల ప్రకారం జామీను సొమ్ము కట్టలేని విచారణ ఖైదీకి రూ. 40,000 వరకు, జరిమానా కట్టలేని శిక్షా ఖైదీకి రూ. 25,000 వరకు ఇచ్చేవారు. కలెక్టరు, ఎస్పీ, జిల్లా న్యాయసేవాధికార సంస్థ కార్యదర్శి, జైలు అధికారి, జిల్లా జడ్జి నియమించిన న్యాయాధికారి ఉన్న కమిటీ నిర్ణయిస్తుంది. ఈ సొమ్ము జైలు తలుపు తెరుస్తుంది, బయటికి వచ్చాక ఉండే చోటు చూపదు.

పట్టణ నిరాశ్రయుల వసతి గృహాలు: 2024లో గడువు ముగిసిన జాతీయ పట్టణ జీవనోపాధి మిషన్ ప్రమాణం ప్రకారం లక్ష జనాభాకు కనీసం 100 మందికి ఇరవై నాలుగు గంటలూ తెరిచి ఉండే ఆశ్రయం ఉండాల్సింది. మదనపల్లె జనాభా లక్ష దాటింది. పుంగనూరు, కుప్పం దాటలేదు కాబట్టి చిన్న పట్టణాల అవసరం ఈ కొలబద్దకు అందలేదు.

బాలలకు: బాలల న్యాయ చట్టం (2015) ప్రకారం సంరక్షణ సంస్థ నుంచి 18 ఏళ్లు నిండి బయటికి వచ్చేవారికి తదుపరి సంరక్షణ అందాలి. మిషన్ వాత్సల్య మార్గదర్శకాలు దీనికి నెలకు రూ. 4,000 నిర్దేశించాయి. కేంద్రం, రాష్ట్రం 60:40 నిష్పత్తిలో భరిస్తాయి.

మహిళలకు: మిషన్ శక్తిలోని శక్తి సదన్‌లు దిక్కులేని మహిళలకు వసతి, న్యాయ సహాయం, శిక్షణ ఇస్తాయి. జైలు నుంచి వచ్చి పుట్టింటికీ, మెట్టినింటికీ పోలేని ఆడవారికి ఇది ఆసరా కాగలదు.

స్థానిక వనరులు: కుప్పం పరిసరాల్లో గ్రానైట్ క్వారీలున్నాయి. గనుల ప్రభావిత ప్రాంతాల్లో ఆరోగ్యం, నైపుణ్య శిక్షణ, మహిళా శిశు సంక్షేమానికి జిల్లా ఖనిజ ఫౌండేషన్ నిధులు వాడవచ్చు. కంపెనీల చట్టం (2013) పరిధిలోకి వచ్చే సంస్థలు లాభాల్లో 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు చేయాలి. వృద్ధాశ్రమాలు, మహిళల వసతి గృహాలు ఆ జాబితాలో ఉన్నాయి.

మానసిక అనారోగ్యం ఉన్నవారు

మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం (2017) 19వ సెక్షన్ వీరికి సమాజంలో జీవించే హక్కును గుర్తించింది. కుటుంబం వదిలేసిందనో, ఇల్లు లేదనో ఆస్పత్రిలో పడి ఉండాల్సిన పరిస్థితి రాకుండా ప్రభుత్వం మధ్యంతర గృహాలు, సామూహిక గృహాలు ఏర్పాటు చేయాలి. రోడ్ల మీద తిరిగే రోగిని పోలీసులు రక్షణలోకి తీసుకుంటే లాకప్‌లో గానీ, జైల్లో గానీ పెట్టకూడదని 100వ సెక్షన్ స్పష్టంగా చెబుతుంది. రాష్ట్రంలోని పెద్ద మానసిక వైద్యశాల విశాఖపట్నంలో ఉంది. కుప్పం బస్టాండులో దొరికిన రోగిని రాష్ట్రం ఆ చివరికి పంపడం కంటే దగ్గర్లో చిన్న గృహం ఉండడం రోగికీ, పోలీసుకీ మేలు.

ఇతర దేశాల అనుభవం

అమెరికాలోని డెన్వర్ నగరం 2016లో పదేపదే అరెస్టవుతున్న నిరాశ్రయులకు ముందుగా ఇల్లు ఇచ్చి, తర్వాత వైద్య సేవలు జోడించింది. ప్రైవేటు పెట్టుబడిదారులు సుమారు 86 లక్షల డాలర్లు పెట్టారు. ఫలితాలు వస్తేనే నగరపాలక సంస్థ తిరిగి చెల్లించేలా ఒప్పందం కుదిరింది. అర్బన్ ఇన్‌స్టిట్యూట్ అధ్యయనం ప్రకారం ఇల్లు దొరికినవారిలో అరెస్టులు 40 శాతం, జైల్లో గడిపిన రోజులు 27 శాతం తగ్గాయి. మూడేళ్ల తర్వాత కూడా నూటికి 77 మంది స్థిర నివాసంలో నిలదొక్కుకున్నారు.

విమర్శలు, పరిమితులు

ఈ విధానంపై మూడు అభ్యంతరాలు తరచూ వినిపిస్తాయి. మొదటిది బాధితుల గోడు: తప్పు చేసినవాడికి ఇల్లిస్తే నష్టపోయినవారి సంగతేమిటి? ప్రొబేషన్ చట్టం 5వ సెక్షన్ ప్రకారం కోర్టు బాధితులకు పరిహారం ఇప్పించవచ్చు. జైల్లో ఉన్నవాడి కంటే పనిలో ఉన్నవాడే దాన్ని చెల్లించగలడు. రెండోది ఇరుగుపొరుగు భయం. పెద్ద హాస్టల్ ఒకేచోట కట్టడం వల్ల ఇది పెరుగుతుంది. పట్టణంలో అక్కడక్కడా అద్దెకు తీసుకున్న మామూలు ఇళ్లు దీన్ని తగ్గిస్తాయి. మూడోది అన్నిటికంటే బరువైనది: ఆశ్రయం పేరుతో నిఘా పెరిగి, ఇల్లే జైలైపోయే ప్రమాదం. స్టువర్టుపురం చరిత్ర ఇచ్చే హెచ్చరిక ఇదే. కాబట్టి ప్రవేశం మనిషి ఇష్టంతో జరగాలి, గడువు ముందే తెలియాలి, కులాన్ని బట్టి ఎంపిక ఉండకూడదు.

ఈ ప్రాంతానికి సరిపడే ఏర్పాటు

చట్టాలు, పథకాలు వేర్వేరు శాఖల్లో ఉన్నాయి. వాటిని మనిషి దగ్గరికి చేర్చే బాధ్యతను ఎవరికో ఒకరికి అప్పగించాలి. మండల న్యాయసేవాధికార కమిటీలు సబ్ జైలు రిమాండు జాబితాను వారం వారం చూసి, బెయిలు వచ్చినా బయటపడనివారిని గుర్తించవచ్చు. మున్సిపాలిటీ వసతి గృహంలో కొన్ని పడకలు వారి కోసం కేటాయించి, ఆ చిరునామాను కోర్టు అంగీకరించేలా లేఖ ఇవ్వవచ్చు. పుంగనూరు, కుప్పం వంటి చిన్న పట్టణాల్లో రెండు మూడు అద్దె ఇళ్లు, ఒక సామాజిక కార్యకర్త ఉంటే పని మొదలవుతుంది. వాయిదా తేదీ గుర్తుచేయడం, వాయిదాకు బస్సు చార్జీ ఇవ్వడం, స్టేషన్‌లో సంతకం రోజు కూలి పోకుండా యజమానితో మాట్లాడడం, తాగుడు మాన్పించే వైద్యానికి తీసుకెళ్లడం ఆ కార్యకర్త పనులు. కుప్పంలో ఆ మనిషికి తెలుగుతో పాటు తమిళం, కన్నడం కూడా రావాలి.

ఒక ఖైదీపై ప్రభుత్వం ఏటా పెట్టే ఖర్చులో కొంత భాగం ఇటు మళ్లితే ఈ ఏర్పాటు నిలబడుతుంది. దాని కోసం జిల్లా స్థాయిలో ప్రత్యేక పద్దు ఉండాలి. స్థిర నివాసం చూపమని అడిగే చట్టాన్ని చేసిన ప్రభుత్వమే, చూపలేనివారికి ఆ నివాసాన్ని సమకూర్చే బాధ్యతనూ తీసుకోవాలి.