కస్తూరి నుండి పట్టు వరకు: కారితహింస చరిత్ర

పతంజలి మహర్షి యోగసూత్రాల సాధనపాదంలో హింసను మూడు విధాలుగా విభజించారు. స్వయంగా చేసినది కృతం, అన్యులచేత చేయించినది కారితం, అన్యులు చేయగా సమ్మతించినది అనుమోదితం. లోభ, క్రోధ, మోహాలు వీటికి హేతువులు. లోభజన్యమైన హింసకు వ్యాసభాష్యం ఇచ్చిన ఉదాహరణ గమనింపదగినది. మాంసం కోసం అని మాత్రమే భాష్యకారుడు అనలేదు, చర్మం కోసం అని కూడా అన్నాడు. భోజనపాత్రలో మాంసం లేనంత మాత్రాన అహింసావ్రతం పూర్తికాదని ఆనాడే గుర్తించారన్నమాట. ఒంటికి పూసుకొనేది, కట్టుకొనేది, చివరకు దేవునికి సమర్పించేది కూడా విచారణార్హమే.

ఈ విచారణకు కస్తూరిని మించిన ఉదాహరణ లేదు. అమరకోశం దీనిని మృగనాభి, మృగమదం అని పేర్కొంటుంది. పేరులోనే దాని జన్మస్థానం తెలుస్తున్నది. హిమాలయ ప్రాంతాల్లో సంచరించే కస్తూరీమృగాలలో మగదానికి మాత్రమే నాభిసమీపాన ఒక చిన్న సంచి ఉంటుంది. అందులో లభించే పదార్థం సుమారు 25 గ్రాములు. దాని కోసం వేటగాళ్లు పన్నిన ఉచ్చులకు ఆడ, మగ, పిల్ల అనే వివేచన ఉండదు. సుగంధం లేని ఆడమృగమూ అందులో చిక్కి చచ్చిపోతుంది.

ఆ పరిమళం తెలుగునేలకు చాలా దూరం ప్రయాణించి వచ్చేది. కొండవీటి రెడ్డిరాజుల కాలంలో సుగంధద్రవ్య వ్యాపారంలో ప్రసిద్ధుడైన అవచి తిప్పయసెట్టికి శ్రీనాథుడు హరవిలాసాన్ని అంకితమిచ్చాడు. ఆ వర్తకుడు దేశదేశాల నుండి తెప్పించిన వస్తువుల పట్టికలో భోటదేశపు కస్తూరి, చీనాంబరాలు కనిపిస్తాయి. వసంతోత్సవాలతో కర్పూర వసంతరాయలని పేరుపొందిన కుమారగిరిరెడ్డి కాలమది. ఆ ఉత్సవపు పరిమళాన్ని వర్ణించిన కవులు ఉన్నారు గాని, భోటదేశపు మంచుకొండల్లో తెగిపడిన మృగాన్ని తలచినవారు అరుదు. ఇది వారి దోషమనడం తగదు. వస్తువుకూ దాని మూలానికీ మధ్య దూరం ఎంత పెరిగితే కారితహింస అంత అదృశ్యమవుతుంది. నేటి స్నానశాలలోని సీసాకూ ఇదే న్యాయం వర్తిస్తుంది.

అయితే మన గంధశాస్త్రం జంతుద్రవ్యాలపైనే నిలబడినది కాదు. వరాహమిహిరుడు బృహత్సంహితలో గంధయుక్తికి ఒక అధ్యాయమే కేటాయించాడు. పదహారు ద్రవ్యాలను వేర్వేరు పాళ్లలో కలిపితే 1,74,720 పరిమళాలు సిద్ధిస్తాయని అందులో గణితం కూడా చేశాడు. ఆ అధ్యాయంలోని ద్రవ్యాలలో సముద్రజీవి నుండి లభించే నఖం వంటివి ఉన్నమాట నిజమే. కాని అధికభాగం వేళ్లు, బెరళ్లు, పువ్వులు, జిగుళ్లు. భావప్రకాశంలో పేర్కొన్న లతాకస్తూరి, అనగా కస్తూరిబెండ గింజ, మృగమదాన్ని స్ఫురింపజేసే వాసనగలది. ప్రత్యామ్నాయం పెరటిలోనే మొలిచేది.

మృగానికి ఉపశమనం అనూహ్యమైన దిక్కు నుండి వచ్చింది. 1888లో ఆల్బర్ట్ బౌర్ అనే రసాయనవేత్త ప్రేలుడు పదార్థాలపై పరిశోధిస్తూ కస్తూరివాసన గల ఒక సమ్మేళనాన్ని యాదృచ్ఛికంగా కనుగొన్నాడు. 1906లో వాల్బామ్ సహజ కస్తూరి నుండి దాని గంధసారమైన మస్కోన్‌ను వేరుచేయగా, 1926లో రుజిచ్కా దాని నిర్మాణాన్ని నిర్ధారించాడు. భారతదేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కస్తూరీమృగానికి రక్షణ కల్పించింది.

పునుగు విషయం కొంత భిన్నం. తిరుమలలో శుక్రవారపు అభిషేకానంతరం మూలమూర్తికి పునుగు తైలాన్ని సమర్పించడం సంప్రదాయం. పునుగుపిల్లి స్రావాన్ని గ్రహించడానికి దానిని వధించనవసరం లేదు. కాని వధ లేకపోవడమూ హింస లేకపోవడమూ ఒకటి కావు. స్వేచ్ఛగా తిరిగే నిశాచరప్రాణిని బోనులో ఉంచడం వల్ల కలిగే క్లేశం ఎంత అన్నది భక్తుడు సైతం అడుగదగిన ప్రశ్నే. ఆ ప్రశ్న వేయడం వల్ల కైంకర్యానికి న్యూనత రాదు.

ఆధునిక యుగంలో ఈ విచారణ శాసనసభకు చేరింది. రాజ్యసభ సభ్యురాలైన రుక్మిణీదేవి అరండేల్ కృషి 1960 నాటి జంతుహింస నివారణ చట్టానికి దారితీసింది. అయితే పరిశోధనార్థం జంతువులపై ప్రయోగాలు చేయడానికి ఆ చట్టంలోనే వెసులుబాటు మిగిలింది. 1944 నుండి ప్రచారంలోకి వచ్చిన డ్రేజ్ పరీక్షలో సౌందర్యద్రవ్యాలను కుందేళ్ల కళ్లలో వేసి మంటను కొలిచేవారు. సౌందర్యద్రవ్యాల కోసం జంతువులపై పరీక్షలు జరుపడాన్ని భారత ప్రభుత్వం 2014లో నిషేధించింది. అట్లు పరీక్షించిన వాటి దిగుమతి కూడా ఆ సంవత్సరమే నిషిద్ధమైంది. సున్నిపిండి, కుంకుడుకాయలతో స్నానమాడిన తరానికి ఇట్టి నిషేధం అవసరమే లేకపోయింది.

ఇక పట్టు. కౌశేయం పురుగు గూటి నుండి పుట్టినదని అమరకోశమే చెబుతున్నది. కనుక పూర్వులకు తెలియదనడం పొరపాటు. చిలుక బయటకు వస్తే గూటిదారం తెగిపోతుంది. అందుచేత లోని ప్రాణిని ఆవిరితోనో వేడిగాలితోనో ముందే చంపివేస్తారు. ఒక చీరకు ఇట్టి గూళ్లు వేలకొలది కావాలి. మడికి పట్టు ప్రశస్తమన్న ఆచారం ఇంటింటా ఉన్నప్పటికీ, కంచి పరమాచార్య చంద్రశేఖరేంద్ర సరస్వతీ స్వామివారు పట్టుచీరలు విడువవలసినదని గృహిణులకు ఉపదేశించారు. ఆచారనిష్ఠలో అగ్రగణ్యులైన వారి నోట ఆ మాట వెలువడడం సామాన్య విషయం కాదు.

రాష్ట్రపతి ఆర్. వెంకటరామన్ సతీమణి జానకీ వెంకటరామన్ ప్రాణిని చంపకుండా నేసిన పట్టుచీర దొరకదా అని అడిగారు. ఆంధ్రప్రదేశ్ చేనేత సహకార సంస్థ ఆప్కోలో పనిచేస్తున్న కుసుమ రాజయ్య ఆ ప్రశ్నను విడువలేదు. చిలుక ఎగిరిపోయిన గూళ్ల నుండి నూలు వడికి, అహింసాపట్టు నేయించి, పేటెంటు పొందారు. దారం తెగినది కనుక దానిని చుట్టడానికి వీలుండదు, వడకవలసినదే. మెరుపు తగ్గుతుంది, వెల పెరుగుతుంది. అంతటితోనూ సంశయం తీరదు. వేల సంవత్సరాల పెంపకంలో ఆ చిలుక ఎగిరే శక్తిని కోల్పోయింది, ఆహారం తీసుకోదు, కొద్దిరోజులకే మరణిస్తుంది. అది పెట్టిన గ్రుడ్లన్నింటినీ పొదిగించి పోషించడం ఎవరికీ సాధ్యం కాదు.

నూలుబట్టే నిర్దోషమని భావించి గాంధీజీ మెచ్చిన పొందూరు ఖద్దరును ఆశ్రయించే సాధకునికి అక్కడా ఒక ఆశ్చర్యం ఎదురవుతుంది. శ్రీకాకుళం జిల్లాలోని ఆ నేతవారి ఇళ్లలో పత్తిని శుభ్రపరచి దువ్వే సాధనం వాలుగ చేప దవడ. వరుసగా ఉన్న ఆ సన్నని పళ్ల మధ్య నుండి సాగితేనే ఆ ఖద్దరుకు దాని ప్రసిద్ధమైన నాణ్యత వస్తుంది.