పాసు మీద సంతకం ఎవరిది?

నెల్లూరు జిల్లా నుంచి ఢిల్లీ బయల్దేరే ఏ బృందంలోనైనా రైలు టిక్కెట్లకన్నా ముందు తేలాల్సిన సంగతి ఒకటుంది: పార్లమెంటు చూడాలంటే ఎవరిని పట్టుకోవాలి? ఎర్రకోటకైతే టిక్కెట్టు కొనుక్కుంటే చాలు. కుతుబ్ మీనారుకూ అంతే. పార్లమెంటుకు మాత్రం డబ్బుతో పని లేదు, మనిషి కావాలి. మన ఎంపీగారి సంతకమో, ఆయన పీఏ ఫోనులో పలకడమో జరగాలి. బజారులో పప్పూ ఉప్పూ కొన్నంత సులువుగా ప్రజల సొమ్ముతో కట్టిన ఇంటిని ప్రజలు ఎందుకు చూడలేకపోతున్నారో తెలియాలంటే కొంచెం వెనక్కి పోవాలి.

మన తీరానికి రాజధాని చాలాకాలం మద్రాసే. రైలు రాకముందు బకింగ్‌హాం కాలువ మీద పడవలు ఉప్పూ కట్టెలూ వేసుకుని పులికాట్ మీదుగా మద్రాసు పోయేవి. అక్కడ సర్కారంటే సముద్రం ఒడ్డునున్న సెయింట్ జార్జి కోట. కోర్టు పనికో, పట్టా పనికో వెళ్లిన రైతు కోట గోడలు బయటి నుంచి చూసి వచ్చేవాడు. లోపల ఏం జరుగుతుందో చూడాలని అడిగే హక్కు తనకుందని అతనికి ఎవరూ చెప్పలేదు. 1921 జనవరి 12న బ్రిటిష్ రాజవంశీకుడు కన్నాట్ డ్యూక్ ఆ కోటలో మద్రాసు శాసనమండలిని ప్రారంభించాడు. సరిగ్గా నెల తిరిగేసరికి, ఫిబ్రవరి 12న, అదే డ్యూక్ ఢిల్లీలో పార్లమెంటు భవనానికి పునాదిరాయి వేశాడు. ప్రజలు ఎన్నుకున్న వాళ్లు కూర్చునే సభలు వచ్చాక, ఆ సభను చూడవచ్చే ప్రజలను ఎక్కడ కూర్చోబెట్టాలన్న ప్రశ్న కూడా వాటితోనే వచ్చింది.

జవాబు లండన్ నుంచి దిగుమతి అయింది. అక్కడి కామన్స్ సభలో బయటివాళ్లు కూర్చుని వినడం హక్కు కాదు, చూసీ చూడనట్టు వదిలేయడం మాత్రమే. ఏ సభ్యుడైనా లేచి, గ్యాలరీలో బయటివాళ్లు కనబడుతున్నారని ఒక్క మాటంటే చాలు, గ్యాలరీ మొత్తం ఖాళీ చేయించేవారు. 1875లో జోసెఫ్ బిగ్గర్ అనే ఐరిష్ సభ్యుడు ఆ మాట అనేశాడు. ఆ రోజు గ్యాలరీలో కూర్చున్న బయటివాళ్లలో సాక్షాత్తూ వేల్స్ యువరాజు ఉన్నాడు. రూలు రూలే కాబట్టి యువరాజు కూడా లేచి వెళ్లాల్సి వచ్చింది. దెబ్బకు ఆ ఏడాదే పద్ధతి మారింది: ఒక్క సభ్యుడి మాట చాలదు, సభ ఓటు వేయాలన్నారు. మన లోక్‌సభ నిబంధనల్లో 386వది ఆ వంశం నుంచి వచ్చిందే. బయటివాళ్లు లోపలికి రావడం స్పీకరు ఉత్తర్వుల ప్రకారం జరగాలని అది చెబుతుంది.

హెర్బర్ట్ బేకర్ గీసిన ఆ గుండ్రటి భవనం, చుట్టూ 144 స్తంభాలతో, 1927 జనవరి 18న తెరుచుకుంది. రెండేళ్లు దాటిన కొద్ది నెలలకే, 1929 ఏప్రిల్ 8న, భగత్ సింగ్, బటుకేశ్వర్ దత్ పాసులతో ప్రేక్షకుల గ్యాలరీకి వచ్చి అక్కణ్ణుంచి బాంబులు విసిరారు, కరపత్రాలు వెదజల్లారు, పారిపోకుండా నిలబడి పట్టుబడ్డారు. గ్యాలరీ పాసు అనే కాగితాన్ని సర్కారు అనుమానంగా చూడడం ఆనాడే మొదలైందనుకోవచ్చు.

ఈలోగా మన రాజధానులు మారుతూ వచ్చాయి. ఆ వరసంతా ఒక్క మనిషి జీవితంలో కనబడుతుంది. బుచ్చిరెడ్డిపాలేనికి చెందిన బెజవాడ గోపాలరెడ్డి 1937లో రాజాజీ మంత్రివర్గంలో చేరి మద్రాసు కోటలో కూర్చున్నారు. 1955లో కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రానికి ముఖ్యమంత్రి అయ్యారు. 1962లో ఢిల్లీలో సమాచార, ప్రసార శాఖ మంత్రి. ఇన్ని ఇళ్లు మారిన నాయకుడి వెనక ఆయన ఊరివాళ్లూ ఆయా ఊళ్ల దారి తెలుసుకుని ఉంటారు. ఆ తర్వాత కాలంలో వెంకటాచలం మండలం చవటపాళెం నుంచి వెళ్లిన వెంకయ్యనాయుడు 2017 నుంచి 2022 దాకా రాజ్యసభ ఛైర్మన్. ఆ సభ గ్యాలరీలోకి ఎవరు రావాలో చెప్పే అధికారం ఆ అయిదేళ్లూ మన జిల్లా మనిషి చేతిలోనే ఉందన్న మాట. అలాగని నెల్లూరోళ్లకు వేరే తలుపు తెరిచారని కాదు. ఫారం అందరికీ ఒకటే.

ఆ ఫారాన్ని ఒకసారి దగ్గరగా చూడాలి. పేరు, తండ్రి పేరు, వయసు, వృత్తి, చిరునామా, ఇంతవరకూ మామూలే. కింద ఎంపీ సంతకం పెట్టేచోట ఉన్న హామీలోనే అసలు కథంతా ఉంది: ఈ సందర్శకుడు నా బంధువో, మిత్రుడో, స్వయంగా తెలిసినవాడో, ఇతని పూర్తి బాధ్యత నాది. లక్షల ఓట్లున్న నియోజకవర్గంలో కోడూరు వైపు రొయ్యల చెరువు రైతు ఎంపీకి స్వయంగా ఎలా తెలుస్తాడు? అతనికి తెలిసింది మండల నాయకుడు, ఆయనకు తెలిసింది పీఏ, ఎంపీకి తెలిసింది పీఏ. బాధ్యత మాత్రం ఎంపీ నెత్తి మీద. 2023 డిసెంబరు 13న ఇద్దరు యువకులు గ్యాలరీ నుంచి కొత్త పార్లమెంటు భవనంలోని లోక్‌సభలోకి దూకి రంగుల పొగ వదిలినప్పుడు ఈ హామీ దేశమంతా చర్చకు వచ్చింది. వాళ్ల పాసులకూ ఒక సభ్యుడి సిఫారసు ఉంది. దాంతో పాసులు కొంతకాలం ఆపేశారు. నా మటుకు నాకు ఆ సభ్యుడికన్నా ఆ ఫారం మీదే ఎక్కువ అనుమానం. అబద్ధం రాయక తప్పని కాగితాన్ని ముందు పెట్టి సంతకం చేయమంటే ఎవరైనా చేసేది అదే.

ఇది మన దేశంలోనే ఉన్న జబ్బు కాదులెండి. అమెరికావాళ్లు వైట్‌హౌస్ చూడాలన్నా తమ ప్రాంతపు ప్రజాప్రతినిధి ఆఫీసు ద్వారానే అర్జీ పెట్టుకోవాలి, అదీ వారాల ముందు. డాలస్‌లో పిల్లల దగ్గరికి వెళ్లిన మన అమ్మానాన్నలకు ఈ తంతు కొత్తగా ఏమీ అనిపించదు.

రాష్ట్రపతి భవన్ కథ వేరే దారిలో నడిచింది. లుట్యెన్స్ కట్టిన 340 గదుల ఆ ఇంట్లో వైస్రాయి తోటలు మామూలు జనానికి దక్కింది రాజేంద్రప్రసాద్ హయాంలో.  ఆ తోటలకున్న మొఘల్ గార్డెన్స్ అనే పేరు 2023లో అమృత్ ఉద్యాన్ అయింది. పాత గుర్రపుశాలల దగ్గర పెట్టిన మ్యూజియం 2014లో తెరుచుకుంది. ఇప్పుడు ఇక్కడ ఏ సంతకమూ అక్కర్లేదు. ఆన్‌లైన్‌లో తేదీనీ వేళనూ ఎంచుకుని, రుసుము కట్టి, గుర్తింపు కార్డు పట్టుకెళ్తే సరి. హైదరాబాదు బొల్లారంలోని రాష్ట్రపతి నిలయం కూడా ఇదే దారి పట్టింది. ఏడాదిలో కొద్దిరోజులే చూడనిచ్చే ఆ ఇల్లు 2023 ఉగాది నుంచి ఏడాది పొడవునా తెరిచే ఉంటోంది.

మన తీరంలోనే ఇలాంటి మార్పు ఇంకొకటి జరిగింది. శ్రీహరికోట నుంచి మొదటి రోహిణి రాకెట్టు 1971 అక్టోబరు 9న ఎగిరింది. అప్పటి నుంచి దాదాపు అర్ధశతాబ్దం పాటు మనవాళ్లు మేడల మీద నుంచీ, పులికాట్ మధ్య రోడ్డు మీద నుంచీ, సముద్రపొడ్డు నుంచీ చూసి మురిసిపోవడమే. లోపలికి పోవాలంటే అక్కడి అంతరిక్ష కేంద్రం షార్‌లో ఉద్యోగం చేసే బావమరిది ఉండాలి. 2019 మార్చి 31న అయిదు వేలమంది పట్టే గ్యాలరీ తెరిచారు. మర్నాడు పీఎస్ఎల్వీ-సీ45ని జనం దాంట్లో కూర్చుని చూశారు. ఆ జులై 15 అర్ధరాత్రి దాటాక చంద్రయాన్-2 కోసం రాష్ట్రపతి కోవింద్ కూడా షార్‌లో ఉన్నారు. 56 నిమిషాలుందనగా ప్రయోగం ఆగిపోయింది. పాసు ఎవరిదైనా, ఆ రాత్రి అందరూ చూసింది ఆగిపోయిన గడియారాన్నే. 22న మళ్లీ వచ్చినవాళ్లకు ఎగిరింది. 2022లో శ్రీహరికోటతో పాటు సూళ్లూరుపేట తిరుపతి జిల్లాలో కలిసింది గానీ, నెల్లూరోళ్లకు షార్ ఇంకా మన షారే.

ఢిల్లీకి పోయేవాళ్లకు రెండు మాటలు. పార్లమెంటు సమావేశాల తేదీలు చూసుకోకుండా జీటీ ఎక్స్‌ప్రెస్ ఎక్కొద్దు. గ్యాలరీ అర్జీ ముందురోజే చేరాలి, పదేళ్లలోపు పిల్లలను రానివ్వరు, సెల్‌ఫోన్లు బయటే వదిలేయాలి, లోపల కూర్చునేది మహా అయితే గంట. రాష్ట్రపతి భవన్ మ్యూజియానికి సోమవారం సెలవు. ఆ రోజు అశోకా రోడ్డులో ఆంధ్రా భవన్ భోజనానికి పెట్టుకోండి, అక్కడ కూడా క్యూ ఉంటుంది గానీ సిఫారసు అడగరు.