కవిలె నుండి కంప్యూటరు దాక

ఇంటికి క్రొత్త కంప్యూటరు వచ్చినప్పుడు మొదట ఎదురగు ప్రశ్న ఒక్కటే. పాతదానిలోని జమాఖర్చులు, ఉత్తరములు, పెండ్లి ఫోటోలు, పొలము కాగితముల నకళ్లు క్రొత్తదానిలోనికి చేర్చుట ఎట్లు? ఇది ఈ కాలమున పుట్టిన చిక్కని పలువురు తలంతురు. కాని ఒకచోట నున్న వ్రాతను మరియొక చోటికి ఎత్తి వ్రాసి కాపాడుకొనుట తెలుగుదేశమున శతాబ్దుల నాటి పని. తాటియాకు నుండి కాగితమునకు, కాగితము నుండి అచ్చునకు, అచ్చు నుండి కంప్యూటరునకు మన చరిత్ర ఇట్లే ఇల్లు మారుచు వచ్చినది. ఈ మార్పులలో ఏమి నిలిచినది, ఏమి పోయినది, ఎందుచేత పోయినది అను సంగతిని వినుకొండ సీమను దృష్టాంతముగా గైకొని ఈ ప్రసంగమున మనవి చేయుదుము.

వినుకొండ అను పేరులోనే వినికిడి యున్నది. సీతాపహరణ వార్తను శ్రీరాముడు ఈ కొండపై వినెనని స్థలపురాణము చెప్పును. చిరకాలము గుంటూరు జిల్లాలో నుండి, 2022లో పల్నాడు జిల్లాలో చేరిన ఈ పట్టణమునకు పురాణమే గాక చరిత్రయు కలదు. శ్రీకృష్ణదేవరాయలు 1515లో కొండవీటి దండయాత్రలో జయించిన దుర్గములలో వినుకొండ యొకటి. ఈ సంగతి మనకు శాసనముల వలన తెలిసినది. రాతిపై చెక్కినది నకలు లేకున్నను నిలుచును. కాని ఏ చెరువునకు ఎవరు కట్ట వేయించిరి, ఏ గుడికి ఎంత మాన్యము కలదు, ఏ పల్లె పాడుపడి మరల వెలసినది, ఇట్టి సంగతులన్నియు రాతికి ఎక్కించుట సాధ్యము గాదు. అవి కరణముల కవిలెలలో నుండెడివి.

కవిలె యనగా తాటియాకులపై గంటముతో వ్రాసి, త్రాట గ్రుచ్చి కట్టిన లెక్కల కట్ట. ఆకుపై గీసిన గీతకు మసి పూసిన గాని అక్షరము స్పష్టముగా కానరాదు. పురుగు, చెమ్మ, నిప్పు దానికి శత్రువులు. ఎంత భద్రపరచినను కొన్ని తరముల కొకమారు క్రొత్త ఆకులపై ఎత్తి వ్రాయవలసినదే. పదముల నడుమ ఎడము విడువని ఆ వ్రాతలో 'ప'కారము 'వ'కారమగుట, 'ద'కారము 'ధ'కారమగుట సులభము. ఒకడు చేసిన పొరపాటును తరువాతి వాడు నిజమని నమ్మి ఎత్తి వ్రాయును. అందుకే పూర్వపు లేఖకులు గ్రంథాంతమున, చూచినది చూచినట్లే వ్రాసితిమి, తప్పున్న మమ్ము నిందింపవలదని విన్నవించుకొనెడివారు. నకలు చేయుటతో పని ముగియదనియు, సరిచూచుట వేరొక పని యనియు వారికి తెలియును.

పందొమ్మిదవ శతాబ్ది తొలి పాదమున ఈ కవిలెలకు గొప్ప మార్పు కలిగినది. సర్వే శాఖలో పనిచేసి 1815లో భారత సర్వేయరు జనరలైన కాలిన్ మెకంజీ ఊరూరి చరిత్రను కాగితముపై సేకరింప బూనెను. ఏలూరివారగు కావలి సోదరులు, బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి, ఆయనకు కుడిభుజములైరి. 1803లో బొర్రయ్య మరణింపగా ఆ భారమును లక్ష్మయ్య వహించెను. వారి మనుష్యులు గ్రామములు తిరిగి, కరణముల దండకవిలెలు చూచి, పెద్దల నడిగి వ్రాసినవే కైఫియత్తులు. గుంటూరు సీమ గ్రామముల కైఫియత్తులు వానిలో ముఖ్యమైనవి. 1821లో మెకంజీ మరణించిన పిదప ప్రభుత్వము ఆ భాండారమును లక్ష రూపాయలకు కొనెను. విల్సన్ పండితుడు 1828లో దానికి పట్టిక ప్రకటించెను.

కాగితము వచ్చినది గనుక ఇక భయము లేదని తలచిన వారికి త్వరలోనే గుణపాఠము కలిగినది. కొన్ని దశాబ్దులు గడచునప్పటికే ఆ కాగితములు శిథిలము కాజొచ్చెను. చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ వానిని మరల ఎత్తి వ్రాయించెను. 'లోకల్ రికార్డ్సు' అను పేర మనకు దక్కిన సంపుటములు అవియే. బ్రౌన్ కావ్యముల విషయమున మరింత జాగ్రత్త వహించెను. ఒక గ్రంథమునకు దొరకినన్ని తాళపత్ర ప్రతులు తెప్పించి, పండితులచే పోల్చి చూపించి, పాఠభేదములు గుర్తింపజేసి, అటుపిమ్మట శుద్ధప్రతి వ్రాయించెడివాడు. క్రొత్తది పాతదానికంటె సౌకర్యముగా నుండవచ్చును. దానికంటె చిరాయువని మాత్రము చెప్పరాదు.

ఈ నకళ్ల గొలుసు తెగినచో ఏమగునో తెలుపుటకు వినుకొండ పేరుతోనే ఒక నిదర్శనము కలదు. కాకతీయుల నాటి ఓరుగల్లును కన్నులకు గట్టించు 'క్రీడాభిరామము'నకు కర్త వినుకొండ వల్లభరాయడని ప్రసిద్ధి. శ్రీనాథుడే కర్త యను వాదమును కలదు. రావిపాటి త్రిపురాంతకుని సంస్కృత 'ప్రేమాభిరామము' దానికి మూలము. మరుగున పడియున్న తెలుగు గ్రంథమును మానవల్లి రామకృష్ణకవి వెలికి తీసి అచ్చొత్తించుటచే అది నేడు మన చేతిలో నున్నది. సంస్కృత మూలమో, మనకు దక్కలేదు. దానిని ఎవరును తగులబెట్టి యుండనక్కరలేదు. ఆకులు జీర్ణించు వేళకు క్రొత్త ప్రతి వ్రాయువారు లేకపోయిన చాలును.

ఇక మన కాలమునకు వత్తము. 1984లో కరణముల పారంపర్య పదవులు రద్దయినవి. 1998లో ఆంధ్రప్రదేశ్ రిజిస్ట్రేషను కార్యాలయములలో కంప్యూటర్లు ప్రవేశించినవి. అంతవరకు దస్తావేజులను గుమాస్తాలు పుస్తకములలోనికి చేతితో ఎత్తి వ్రాసెడివారు. ప్రత్తి, మిరప పండించు రైతునకు సర్వే నంబరులో ఒక అంకె తారుమారైనచో పొలమే చిక్కులో పడును. మాధ్యమము మారినను లేఖక దోషమునకు మరణము లేదు.

కంప్యూటరునకు మరియొక చిత్రమైన వ్యాధి కలదు. వ్రాత చెక్కు చెదరక చేరినను చదువ వీలుపడక పోవచ్చును. యంత్రము అక్షరములను దాచదు, వానికి కేటాయించిన అంకెలను దాచును. తొలినాళ్ల తెలుగు అచ్చుల రూపకర్తలు ఇంగ్లీషు అక్షరముల అంకెలకే తెలుగు రూపములు తొడిగిరి. ఆ అచ్చులు లేని క్రొత్త యంత్రములో అదే ఉత్తరము అర్థము లేని ఇంగ్లీషు గుర్తుల గుంపుగా కనబడును. 1991లో వెలువడిన యూనికోడు తెలుగునకు 128 స్థానములు ప్రత్యేకించినది. దానిలో 'క' అక్షరము సంఖ్య ఏ దేశమున, ఏ యంత్రమున నైనను 3093 మాత్రమే. పాత అచ్చులలో వ్రాసినవానిని యూనికోడులోనికి మార్చుకొనుట నేటి శుద్ధప్రతి. మా రేడియో పనిలోను ఇట్టిదే కలదు. స్పూలు టేపు భద్రముగా నున్నను, దానిని వినిపించు యంత్రము మూలబడినచో అందలి గొంతు మూగయే.

కావున శ్రోతలకు మా మనవి యిది. క్రొత్త యంత్రములోనికి అన్నియు చేరిన వెంటనే పాతదానిని తుడిచివేయకుడు. ముందు ఎన్ని ఫైళ్లు ఉండెనో, ఎన్ని చేరెనో లెక్క చూడుడు. పొలము కాగితములు, లెక్కలు ఒక్కొక్కటి తెరచి చదువుడు. యంత్రము వెలుపల ఒక ప్రతిని, వేరొక ఇంట మరియొక ప్రతిని ఉంచుడు. ఫోటోలో నున్నవారి పేర్లు చెప్పగల పెద్దలు ఇంట నుండగనే వ్రాయించుకొనుడు. కొన్నేండ్లకు ఈ యంత్రమును పాతదగును, అప్పుడు ఈ పని మరల చేయవలసి యుండును. మెకంజీ మనుష్యులు కవిలె విప్పుమని అడిగిననాడు చదివి చెప్పగల కరణము ఆ యూర నుండబట్టియే ఆ పల్లె సంగతులు నేడు మనకు తెలియుచున్నవి.