టిక్కెట్టు కొనకుండానే తగిలే లాటరీ

బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల్లో ఉత్తరాంధ్ర నుంచి పనికని వెళ్ళిన కుటుంబాలు ఖరగ్‌పూర్‌లోనే స్థిరపడ్డాయి. ఇక్కడి చుట్టాలకీ వాళ్ళకీ ఒక తేడా ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో లాటరీ నిషేధం, పశ్చిమ బెంగాల్లో చట్టబద్ధం. కాబట్టి "మీకు పాతిక లక్షలు తగిలింది" అని వాట్సాప్‌లో వస్తే అక్కడివాళ్ళకి మరీ వింతగా తోచకపోవచ్చు.

ఈ మోసం వాట్సాప్‌తో పుట్టింది కాదు. ఫ్రెంచి విప్లవ కాలంనాటి ఖైదీలు జైళ్ళ నుంచి ధనవంతులకి రాసిన ఉత్తరాల గురించి విడోక్ తన జ్ఞాపకాల్లో (1828) చెప్పాడు. మా దొర నగల పెట్టె ఫలానా చోట దాచాను, దాన్ని చేరడానికి కాస్త డబ్బు పంపండి అని! తర్వాత అదే 'స్పానిష్ ఖైదీ' ఉత్తరం అయింది, నైజీరియా ఉత్తరం అయింది, విదేశీ లాటరీ ఈమెయిలు అయింది, చివరికి కౌన్ బనేగా కరోడ్‌పతి పేరు పెట్టుకుంది. పెద్ద సొమ్ము రావాలంటే ముందు చిన్న సొమ్ము కట్టాలి, అంతే. (ధనలాభం ఉందని చెప్పి ముందుగా దక్షిణ పుచ్చుకునే జ్యోతిష్కుడు గుర్తుకొస్తున్నాడా?)

అసలు లాటరీలో పన్ను ముందు కట్టమని ఎవరూ అడగరు. పెద్ద బహుమతైతే 30 శాతం పన్ను మినహాయించుకునే మిగతాది ఇస్తారు. విదేశీ లాటరీకి డబ్బు పంపడమైతే 2000 నాటి ఫెమా నిబంధనల ప్రకారం నిషిద్ధమే. పాపం, మోసపోయినవాళ్ళు పరువు పోతుందనీ, కేసు తమ మెడకే చుట్టుకుంటుందనీ నోరు మెదపరు. ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేస్తే, సొమ్ము ఇంకా ఖాతాలో ఉన్నంతలో ఆపించే అవకాశం ఉంది.